హిట్టైట్ 'అత్త', తెలుగు 'అత్త' ఒకటేనా? మా బావమరిదితో గొడవ తీర్చండి

కృష్ణాతీరం
మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫార్వర్డు పడేశాడు. టర్కీలో దొరికిన మూడువేల అయిదొందల ఏళ్ళనాటి మట్టిపలకల నిండా తెలుగు మాటలేనట. సాక్ష్యం ఏంటయ్యా అంటే, అప్పట్లో అక్కడ రాజ్యమేలిన హిట్టైట్ల భాషలో 'అత్త' అంటే తండ్రి, 'అన్న' అంటే తల్లి. "అర్థాలు కాస్త అటూఇటూ అయ్యాయి బావా, మాటలు మాత్రం మనవే" అంటాడు. అత్త తండ్రి అయ్యి, అన్న తల్లి అయితే అది కాస్తా? పెళ్ళిలో ఎవరి కాళ్ళు ఎవరు కడగాలో తెలియక చస్తాం.
నాకు భాషాశాస్త్రం రాదు. కానీ ఒక పదం ఎక్కడ పుట్టిందో తేల్చడానికి పద్ధతంటూ ఒకటి ఉంటుంది కదా. అదేంటో ఎవరైనా చెప్పండి. అసలా పలకల భాష ఎవరికి చుట్టం?

ఓరుగల్లు_పోరి
మీ బావమరిది మా పెదనాయిన గ్రూపుల కూడ ఉన్నడా ఏంది? సేమ్ ఫార్వర్డు నిన్ననే వచ్చింది.

మట్టిపలక
ఫార్వర్డులో మాటలు నిజమే. హిట్టైట్‌లో తండ్రి 'అత్త', తల్లి 'అన్న'. కట్టుకథ అల్లింది ఆ తర్వాత.
పాత జర్మానిక్ భాష గోతిక్‌లో తండ్రి 'అత్త'. తుర్కిష్‌లో తండ్రి, పూర్వీకుడు 'అత', తల్లి 'అన'. తుర్కిష్‌కీ హిట్టైట్‌కీ చుట్టరికం లేదు, రెంటికీ మధ్య రెండువేల ఏళ్ళ పైన దూరం. పసిపిల్లలు మొదట పలికే అమ్మ, అన్న, అత్త, తాత, పాప లాంటి మాటల్ని ప్రతి జాతీ ఎవరో ఒక పెద్దమనిషికి అంటగడుతుంది. రోమన్ యాకబ్‌సన్ అనే భాషాశాస్త్రవేత్త 1959లో దీనిమీద ఒక వ్యాసమే రాశాడు. జార్జియన్‌లో 'మామ' అంటే తండ్రి. దాన్నిబట్టి మేనమామ అక్కణ్ణుంచి వచ్చాడంటామా?
ఇక భాష సంగతి. హిట్టైట్, లూవియన్, పలాయిక్, తర్వాతి కాలంలో లికియన్, లిడియన్, కేరియన్. ఇవన్నీ అనటోలియన్ శాఖ (అనటోలియా అంటే ఇప్పటి టర్కీ ప్రాంతం). ఆ శాఖ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబంలో అందరికంటే ముందు వేరుపడింది. అంటే సంస్కృతానికి దూరపు చుట్టం. తెలుగు ద్రావిడం కాబట్టి చుట్టరికమే లేదు. కాకపోతే మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల వెనక దారిన వెళ్తే కొన్నిచోట్ల హిట్టైట్ తగులుతుంది.

తెలుగుతేజం_1
వచ్చారండీ! తెలుగుతో పోలిక చూపిస్తే 'యాదృచ్ఛికం', సంస్కృతంతో చూపిస్తే 'శాస్త్రం'. ఈ రెండు నాల్కల ధోరణి ఎన్నాళ్ళు? 'అత్త' కుదరదు గానీ మీవాళ్ళు ఎప్పుడూ చెప్పే 'అస్థి'కీ హిట్టైట్ 'ఖస్తాయ్'కీ కుదురుతుందా? ముందు ఆ ఖ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చెప్పండి.

మట్టిపలక
తేజం గారూ, సరిగ్గా అడగాల్సింది అడిగారు. ఆ ఖ మీదే ఈ శాస్త్రం అంతా నిలబడింది. ఓపికుంటే చదవండి, కాస్త పొడుగు.
ఎముక హిట్టైట్‌లో ఖస్తాయ్, సంస్కృతంలో అస్థి, గ్రీకులో ఓస్తెయోన్. తెలుపు ఖర్కిస్, సంస్కృతంలో అర్జున (తెల్లని అనే అసలర్థం), లాటిన్‌లో వెండికి అర్గెంటుం. ముందువైపు, నుదురు ఖంత్, సంస్కృతంలో అంతి, లాటిన్‌లో అంతె. గాలి ఖువంత్, సంస్కృతంలో వాత. చూడండి, హిట్టైట్‌లో ఖ ఉన్నచోట మిగతా వాటిలో ఏమీ లేదు. ఒక మాటలో కాదు, వరసగా. పోలిక కంటే ముందు చూడాల్సింది ఈ వరస. అర్థం మారకుండా, తేడా కూడా ఒకే పద్ధతిలో ఉందా లేదా?
అసలు కథ ఇంకా వెనకుంది. 1879 తేదీతో అచ్చయిన పుస్తకంలో ఫెర్దినాఁ ద సొస్యూర్ అనే కుర్రాడు, అప్పటికి 21 ఏళ్ళు, సంస్కృత గ్రీకు అచ్చుల లెక్క కుదరాలంటే వీటన్నిటికీ తల్లి అయిన మూలభాషలో ఏవో కొన్ని ధ్వనులు ఉండి అన్ని భాషల్లోనూ మాయమై ఉండాలి అని తేల్చాడు. ఏ భాషలోనూ అవి కనపడవు, కేవలం లెక్క. చాలామంది పట్టించుకోలేదు. 1913లో ఆయన పోయాడు. 1915లో హిట్టైట్ చదవడం వచ్చింది. 1927లో కురిలోవిచ్ అనే పోలిష్ పండితుడు చూస్తే, సొస్యూర్ చెప్పిన ధ్వనులు ఉండాల్సిన చోట్ల మట్టిపలకల మీద ఈ ఖ కూర్చుని ఉంది.
'అత్త'కి ఇలాంటి వరస ఒక్కటి చూపించండి, నేనే మీ వైపు వాదిస్తా.

ఓరుగల్లు_పోరి
21 ఏండ్లకు గట్ల రాసిండా! నేను గా వయసుల బ్యాక్‌లాగులు రాస్తున్న.
ఈ ఖ అంటే మా హైదరాబాదుల 'ఖాలా', 'ఖబర్' అంటరు, గదేనా? గొంతుల గీసినట్టు?

మట్టిపలక
దాదాపు అదే. క్యూనిఫాంలో, అంటే మట్టిమీద మేకుల్లా గుచ్చే రాతలో, అక్కదీయులు (ఇప్పటి ఇరాక్ వైపు పాతకాలం వాళ్ళు) ఆ ధ్వనికి వాడిన గుర్తునే వీళ్ళూ వాడారు కాబట్టి అలా అనుకుంటున్నారు.

తెలుగుతేజం_1
బాగుంది. మరి 'అస్తి' (ఉంది)కి హిట్టైట్‌లో ఏమంటారు? 'ఎస్త్సి'. ఖ ఏది? కావలసినచోట ఖ, అక్కరలేనిచోట మాయం. ఇదేం వరస?

మట్టిపలక
మాయమైన ధ్వనులు మూడు అనుకుంటారు. ఒకటో దానికి హిట్టైట్‌లో కూడా జాడ లేదు, రెండోది ఖగా గట్టిగా మిగిలింది, మూడోదానిమీద ఇప్పటికీ తగవులున్నాయి. 'ఎస్త్సి'లో ఉండాల్సింది ఒకటోది. ఏది ఎక్కడుందో పక్కనున్న అచ్చును బట్టి హిట్టైట్ చూడకుండానే చెప్పొచ్చు: రెండోది పక్కనుంటే గ్రీకు, లాటిన్‌లలో అచ్చు 'అ' అవుతుంది (అంతె, అర్గెంటుం), ఒకటోది ఉంటే 'ఎ' గానే ఉంటుంది (గ్రీకు ఎస్తి, లాటిన్ ఎస్త్). కాబట్టి ఇష్టమొచ్చినట్టు పెట్టేది కాదు.

వ్యాకరణం_మాస్టారు
రిటైరైనవాణ్ణి, టైపు నెమ్మది, ఓర్చుకోండి. హిట్టైట్‌తో మనకు పనిలేదనుకోకండి. మనం రోజూ వాడే రెండు మాటలు చెబుతాను. 'అహర్నిశలు', 'మధ్యాహ్నం'. రెంటిలోనూ ఉన్నది పగలు అనే ఒకే సంస్కృత శబ్దం. ఒకచోట 'అహర్', ఇంకోచోట 'అహ్న'. ఒకచోట రేఫ, ఇంకోచోట నకారం. ఎందుకు? మా గురువుగారిని అడిగితే "సూత్రం అలా ఉంది, కూర్చో" అన్నారు.
ఆ జవాబు నాకు హిట్టైట్‌లో దొరికింది. నీళ్ళు 'వాతర్', నీళ్ళ యొక్క అనాలంటే 'వితెనాస్'. నిప్పు 'పఖ్ఖుర్', నిప్పు యొక్క 'పఖ్ఖువేనాస్'. ప్రథమ, ద్వితీయల్లో ర, మిగతా విభక్తుల్లో న. సంస్కృతంలో ఇది అక్కడక్కడ మిగిలిన పాత అవశేషం: అహర్/అహ్నః, యకృత్/యక్నః. హిట్టైట్‌లో అయితే బజార్లో తిరిగే మామూలు మాటలెన్నో ఇలాగే ఉంటాయి. మూలభాషలో ఇదొక పెద్ద తరగతి అని దాన్నిబట్టి తెలిసింది. పదాలు అరువు తెచ్చుకోవచ్చు, బావమరిది ఫార్వర్డులో చూసి కాపీ కొట్టొచ్చు. ఇలాంటి వంకర విభక్తులు ఎవరూ అరువు తెచ్చుకోరు.

మట్టిపలక
మాస్టారూ 👏 దీనికి జోడీ ఇంకోటి. హిట్టైట్‌లో 'చంపుతాడు' కుయెంత్సి, 'చంపుతారు' కునంత్సి. సంస్కృతంలో హంతి, ఘ్నంతి. ఏకవచనంలో ఉన్న అచ్చు బహువచనంలో ఎగిరిపోవడం రెండు చోట్లా ఒకేలా ఉంది. మన 'హంతకుడు', 'శత్రుఘ్నుడు' ఆ రెండు రూపాల పిల్లలే.

సీమ_సింగం
శత్రుఘ్నునికి హంతకుడు అన్నవరసా! అయోధ్యలో చెప్పొద్దండీ.

కృష్ణాతీరం
మాస్టారి మధ్యాహ్నం అదిరింది. అది బావమరిదికి పంపాను. "సంస్కృతమూ తెలుగు నుంచే వచ్చింది" అన్నాడు. సరే, ఇంకో అనుమానం. అసలు ఎవరికీ రాని భాషని ఎలా చదివారు?

మట్టిపలక
లిపి కొత్తది కాదు, అక్కదీయుల క్యూనిఫామే. 1906లో హ్యూగో వింక్లర్, థియొడోర్ మక్రీది బొగాజ్‌కోయ్‌లో తవ్వితే హిట్టైట్ రాజధాని హత్తుశ పలకలు వేలల్లో బయటపడ్డాయి. అక్షరాలు చదవగలరు, అర్థం తెలీదు. చెక్ పండితుడు బెద్ర్ఝిఖ్ హ్రోజ్నీ 1915లో ఒక వాక్యం పట్టుకున్నాడు: "ను నిండ-అన్ ఎజ్జాత్తేని వాతర్-మ ఎకుత్తేని". 'నిండ' అనేది సుమేరియన్ (అక్కదీయులకంటే ముందు ఇరాక్‌లో క్యూనిఫాం రాసినవాళ్ళ భాష) గుర్తు, రొట్టె అని ముందే తెలుసు. రొట్టె ఉందంటే పక్కన తినడం ఉండాలి కదా. 'ఎజ్జా' చూస్తే లాటిన్ 'ఎదో', జర్మన్ 'ఎస్సెన్'. వాతర్ నీళ్ళు. "మీరు రొట్టె తింటారు, నీళ్ళు తాగుతారు." సంస్కృతంలో ఆ తినడం ధాతువు 'అద్', దానికి 'న' చేరితే 'అన్నం'.

సీమ_సింగం
నిండ అంటే రొట్టెనా? మేము కడుపు నిండా తింటాం కదా, అదే ఇది. తేజం గారూ రాసుకోండి 😂

తెలుగుతేజం_1
నవ్వండి నవ్వండి. రేపు ఏదైనా పలక బయటపడితే అప్పుడు చూద్దాం.

వ్యాకరణం_మాస్టారు
సింగం గారు సరదాకి అన్నా అందులో ఒక ఉచ్చు ఉంది. 'నిండ' సుమేరియన్ రాత. హిట్టైట్ లేఖకుడు దాన్ని అలా పలికాడని కాదు. మనం '5వ తరగతి' అని రాసి 'ఐదవ' అని చదువుతాం. అంకెలో 'ఐదు' లేదు, పక్కన 'వ' మాత్రం తెలుగుది. 'నిండ-అన్'లో చివరి 'అన్' ఆ 'వ' లాంటిది. లోపల అసలు మాట ఏమిటో ఆ వాక్యం చెప్పదు.

మట్టిపలక
దీనివల్ల ఓ విచిత్రమైన చిక్కు. హిట్టైట్లు గుర్రాలు కట్టిన రథాలు తోలి ఈజిప్టుతో కాదేశ్‌లో యుద్ధం చేశారు, కానీ హిట్టైట్‌లో గుర్రాన్ని ఏమనేవారో తెలీదు! ఎప్పుడూ సుమేరియన్ గుర్తు రాసి చివర విభక్తి తగిలించారు. పక్కనున్న లూవియన్‌లో 'అజు' అని దొరికింది కాబట్టి, సంస్కృత 'అశ్వ'కి చుట్టం కాబట్టి, హిట్టైట్‌లోనూ అలాంటిదే ఉండాలని ఊహ. కూతురుకీ అదే గతి.

సీమ_సింగం
గుర్రాలంటే గుర్తొచ్చింది. అదే హత్తుశలో గుర్రాల శిక్షణ పుస్తకం దొరికిందని, అందులో ఏక, పంచ అని మన అంకెలున్నాయని చదివినా. మరి అది హిట్టైట్‌కీ సంస్కృతానికీ చుట్టరికం కాదా?

మట్టిపలక
అంకెలు నిజం. కిక్కులి అనే మితన్ని గుర్రాల శిక్షకుడి పేరుమీద ఉన్న పలకలు అవి. ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, శత్తవర్తన్న, నవర్తన్న. అంటే ఒక చుట్టు, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది చుట్లు. కానీ అవి హిట్టైట్ సొంత మాటలు కావు, అరువు. ఉత్తర సిరియా వైపు మితన్ని రాజ్యంలో జనం మాట్లాడింది హుర్రియన్. వాళ్ళ రాజుల పేర్లలో, గుర్రాల పనిలో, దేవుళ్ళలో ఒక ఇండో-ఆర్యన్ పొర, అంటే సంస్కృతానికి దగ్గరి భాష జాడ, కనిపిస్తుంది. హిట్టైట్ రాజు మొదటి సుప్పిలులియుమకీ మితన్ని శత్తివాజకీ మధ్య ఒప్పందంలో సాక్షులు మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులు. అదీ క్రీ.పూ. 14వ శతాబ్దం.
కాబట్టి 'ఖస్తాయ్-అస్థి' ఒకే తల్లి పిల్లలు. 'పంజవర్తన్న' అద్దెకొచ్చినవాడు. ఒకే ఊళ్ళో దొరికారని ఇద్దర్నీ ఒక లెక్కలో వేస్తే పప్పులో కాలేసినట్టే.

తెలుగుతేజం_1
అద్దెకొచ్చినవాడు, అరువు... ఎవరు ఎవరి దగ్గర అద్దెకున్నారో మీరెలా చెప్తారు?

వ్యాకరణం_మాస్టారు
ఎలాగంటే, ఆ అంకెలు గుర్రాల శిక్షణలో తప్ప హిట్టైట్‌లో ఇంకెక్కడా లేవు. క్రికెట్లో మనం 'ఫోర్' అంటాం, ఇంటికెళ్ళి 'నాలుగు ఇడ్లీలు' అంటాం. పైగా ఆ 'ఐక' చూడండి. ఋగ్వేదంలో అప్పటికే 'ఏక' అయిపోయింది. ఇక్కడ పాత 'ఐ' అలాగే ఉంది.

బెర్లిన్_బాబాయ్
ఆలస్యంగా చేరాను. అంకారా మ్యూజియంలో ఈ పలకలు చూశా, కొన్ని అరచేతిలో పట్టేంతే. మీరంతా హిట్టైట్ దగ్గరే ఆగిపోయారు. అనటోలియన్ భాషల్లో నాకు నచ్చింది 'బెకోస్' కథ. గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ రాశాడు: ఈజిప్టు రాజు ఇద్దరు పిల్లల్ని మాటలు వినపడకుండా పెంచితే వాళ్ళు మొదట పలికిన మాట 'బెకోస్', ఫ్రిజియన్‌లో రొట్టె. దాంతో ఫ్రిజియనే తొలి భాష అని తేల్చారట.

మట్టిపలక
బాబాయ్ గారూ, కథ భలే ఉంటుంది, కానీ ఫ్రిజియన్ ఉన్నది అనటోలియాలోనే గానీ అనటోలియన్ శాఖ కాదు. హిట్టైట్ సామ్రాజ్యం కూలాక శాసనాల్లో కనబడుతుంది, గ్రీకుకి దగ్గర. ఊరు ఒకటైనంత మాత్రాన ఇంటిపేరు ఒకటి కాదు. 'బెకోస్' అనే మాట మాత్రం ఫ్రిజియన్ శాసనాల్లో నిజంగానే ఉంది.

బెర్లిన్_బాబాయ్
అయితే లిడియన్ తీసుకోండి, అది మీ శాఖే కదా. లిడియా రాజు కాండౌలెస్. గ్రీకు కవి హిప్పోనాక్స్ ఒక పద్యంలో ఆ పేరుకి 'కుక్క గొంతు నులిమేవాడు' అని అర్థం చెప్పాడు. అందులో 'కాన్' అంటే కుక్క అంటారు, సంస్కృత 'శ్వాన' పక్కన పెట్టుకోవచ్చు.

ఓరుగల్లు_పోరి
రాజుకు గదేం పేరు వయా! కిరీటం పెట్టుకొని కుక్కల ఎంట పడ్తడా.

మట్టిపలక
బిరుదు కావచ్చు. ఆ పద్యంలో అది గ్రీకుల హెర్మిస్ దేవుణ్ణి పిలిచిన పేరు. గ్రీకులోకి ఇటునుంచి, అంటే అనటోలియా నుంచి, వెళ్ళాయంటున్న మాటలు ఇంకొన్ని ఉన్నాయి. 'టైరంట్'కి మూలమైన గ్రీకు 'తురన్నోస్', లూవియన్ శాసనాల్లో పాలకుల బిరుదు 'తర్వనిస్' నుంచి అంటారు. అందరూ ఒప్పుకోరు. ప్రింటర్ ఇంకులో 'సయాన్' ఉందే, దాని గ్రీకు మూలం 'కుయానోస్', హిట్టైట్‌లో రాగికీ ఓ నీలిరాయికీ 'కువన్నన్'. ఇవి రెండూ ఇటునుంచే అటు వెళ్ళాయా, ఇద్దరూ మూడో చోటునుంచి తెచ్చుకున్నారా అన్నది తేలలేదు. సంస్కృతి మాటలు, అంటే లోహాలు, బట్టలు, బిరుదులు, సారా, ఎప్పుడూ ఇంతే. సంతలో చేతులు మారతాయి.

సీమ_సింగం
సారా అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఉందా?

మట్టిపలక
ఉంది 😀 లూవియన్‌లో ద్రాక్షసారా 'మద్దు'. సంస్కృత 'మధు'. తేనె అనే అర్థంలోంచి కల్లు-సారా అర్థంలోకి జారడం మనకీ తెలిసిందేగా. ఊళ్ళ పేర్లు మాత్రం గట్టిగా నిలుస్తాయి. ఇప్పటి కొన్యా హిట్టైట్ల 'ఇక్కువనియ', మధ్యలో గ్రీకుల 'ఇకోనియోన్'. అదానా అప్పట్లో 'అదనియ'.

గోదారిగట్టు
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఒక విషయంలో మట్టిపలకతో విభేదం. పసిమాటలు అని 'అత్త', 'అన్న'ల్ని చెత్తబుట్టలో వేశారు. హిట్టైట్‌లో తాత 'ఖుఖ్ఖ', అమ్మమ్మ/నానమ్మ 'ఖన్న'. లికియన్‌లోనూ దగ్గరి రూపాలున్నాయి. లాటిన్‌లో తాత 'అవుస్', ముసలమ్మ 'అనుస్'. పైన మీరే చెప్పిన వరస: హిట్టైట్‌లో ఖ, లాటిన్‌లో శూన్యం. ఇదీ చంటిపిల్లల మాటే, అయినా వరసకి లొంగింది. కాబట్టి పసిమాట అంటే చరిత్ర లేదని కాదు, వరస లేకుండా వాడకూడదు అని.

మట్టిపలక
గోదారిగట్టు గారూ, ఈ సవరణ బాగుంది. నా మాటకి చేర్చుకోండి.
వరస గురించి ఇంకో చిత్రం. లికియన్‌లో కూతురు 'క్బత్ర'. సంస్కృత 'దుహితృ'కి అస్సలు పోలిక లేదు కదా? కానీ రెండూ ఒకటే మాట. మధ్యలో లూవియన్ 'తువత్రి' ఉంది. లికియన్‌లో 'త్వ' అంతా 'క్బ' అయిపోయింది, 'రెండు' తాలూకు మాట కూడా అక్కడ 'క్బి'. ఒకేలా కనిపించే 'అత్త'లకి చుట్టరికం లేదు, ఎక్కడా పోలిక లేని క్బత్ర, దుహిత అక్కాచెల్లెళ్ళు.

తెలుగుతేజం_1
పోలిక ఉంటే చుట్టం కాదు, లేకపోతే చుట్టం. భలే శాస్త్రం. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇలా చెప్పేవారా?

వ్యాకరణం_మాస్టారు
ఆయన చేసిందే ఇది. మూలద్రావిడంలో ఒక 'హ' లాంటి ధ్వని ఉండి పోయిందని కృష్ణమూర్తి గారు వాదించారు. పాత తమిళంలో 'అఃతు', 'పఃతు' అని ఆయ్దం గుర్తుతో రాసేవారు, మనకి 'అది', 'పది' మిగిలాయి. సొస్యూర్‌ది, ఆయనది ఒకే రకం ఆలోచన. పోయిన ధ్వనిని అది వదిలిన గుర్తుల్ని బట్టి పట్టుకోవడం. రెండు కుటుంబాలకీ దీనివల్ల చుట్టరికం మాత్రం రాదు, ముందే చెబుతున్నా.

తెలుగుతేజం_1
కృష్ణమూర్తి గారి వ్యాసం చదివి మాట్లాడతాను. 'అత్త' మీద నా అభిప్రాయం మారలేదు.

బెర్లిన్_బాబాయ్
2023లో బొగాజ్‌కోయ్‌లో కొత్త భాష దొరికిందని పేపర్లో చూశా. అదేమైంది?

మట్టిపలక
కలశ్మ భాష. ఒక పూజావిధానం పలకలో హిట్టైట్ మధ్యలో, కలశ్మ దేశపు భాషలో చదవాలని చెప్పి ఆ భాషలోనే రాశారు. అనటోలియన్ శాఖే అని, లూవియన్‌కి దగ్గరగా ఉందని చెప్పారు. హత్తుశ పూజారులకి ఈ అలవాటుంది. ఏ దేవుడికి ఆ దేవుడి భాషలోనే మంత్రం. హత్తిక్ (హిట్టైట్లకి ముందు అక్కడున్న భాష), పలాయిక్ మనకి మిగలడానికి ఆ చాదస్తమే కారణం.

ఓరుగల్లు_పోరి
గీ మాటలన్ని మేమే వెతుక్కోవాల్నంటే ఏడ దొరుకుతయి? ఫ్రీగ చెప్పుండ్రి, పుస్తకాలు కొనే స్తోమత లేదు.

మట్టిపలక
చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ హిట్టైట్ నిఘంటువు వాళ్ళ సైట్లోనే ఉచితం. కాకపోతే అది 'ల'తో మొదలవుతుంది.

ఓరుగల్లు_పోరి
'ల'తోనా? 'అ' ఏడ పోయింది?

మట్టిపలక
అప్పటికే జర్మనీలో ఇంకొకరు 'అ' నుంచి మొదలుపెట్టారు. ఒకే పని రెండుసార్లు ఎందుకని వీళ్ళు మధ్యలోంచి అందుకున్నారు. ల, మ, న, ప, శ వచ్చేశాయి.

ఓరుగల్లు_పోరి
నాకు జర్మన్ రాదు కదా.

బెర్లిన్_బాబాయ్
నేర్చుకోమ్మా, నేను ఇరవై ఏళ్ళుగా నేర్చుకుంటూనే ఉన్నా. అప్పటిదాకా 'ల' చదువు.